కరెంటు సెలవు రోజు మోగిన కారు

1991లో నేను చేసిన తెలివితక్కువ పని ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. అప్పటికి షోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర డీజిల్ మెకానిక్‌గా నాకు పదకొండేళ్ల అనుభవం. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తానని పేరు. ఆ పేరు మోసింది ఎక్కువగా నేనే. అలాంటి నేను మా బావ కోసం ఒక పాత డీజిల్ కారు చూసి, నిక్షేపంగా ఉందని కొనిపించాను.

మా అక్క భర్త రాజేశం బావ మరమగ్గాల మీద తువ్వాళ్లు నేసేవాడు. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇక మగ్గాల షెడ్డులో అడుగు పెట్టొద్దన్నాడు డాక్టరు. ఉన్న రెండు మగ్గాలూ అమ్మేసి, కారు కొని కిరాయికి తిప్పుకుందామనుకున్నాడు. బండి నడిస్తే ఇల్లు నడుస్తుంది. నడవకపోతే మళ్లీ ఆ దుమ్ములోకే.

కారు కుమఠా నాకాలో మగ్గాల షెడ్డు నడిపే ఒక సేటుది. ఆయనా మన తెలుగాయనే, పేరు వద్దులెండి. మేం వెళ్లేసరికి బండిని షెడ్డు గోడకు ఆనించినట్టే నిలబెట్టాడు. లోపల ఇరవై మగ్గాలు ఆడుతున్నాయి.

"నీ అసుంటి ఉస్తాద్‌కు నేనేం చెప్పాలె భావూ? ఎకదమ్ చాంగ్లీ గాడీ!" అంటూ, బండి భేషుగ్గా ఉందని సేటు మరాఠీ కలిపి నా చెవిలో అరిచాడు.

ఆ పొగడ్తలో పడి బండి పొగ చూడలేదు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే చౌక్ దాంక పోయొచ్చిన," అన్నాడు. పాత డీజిల్ బండికి మొదటి పరీక్ష కోల్డ్ స్టార్ట్, అంటే బాగా చల్లబడ్డ ఇంజను ఎంత తేలిగ్గా అందుకుంటుందో చూడడం. వేడి మీద ముసలి ఇంజను కూడా కుర్రదానిలా లేస్తుంది. ఇదంతా తెలిసీ స్టార్ట్ చేయించి చెవి ఒగ్గాను. మెత్తగా ఉంది. మగ్గాల మోతలో పుట్టి పెరిగినవాళ్లం, ఆ మోత మాకు నిశ్శబ్దం కిందే లెక్క. ఇంజను గొంతు అందులో మునిగిపోయిందని తట్టలేదు.

"ఎట్లుంది బామ్మర్దీ?" అన్నాడు బావ.

"కండ్లు మూస్కొని తీస్కో బావా."

కొన్న నాలుగో రోజు మగ్గాలకు వారం వారం ఉండే కరెంటు సెలవు. అందాకా మా గల్లీ మగ్గాల మోత కూడా బండి చప్పుడును కప్పేసింది. గల్లీ అంతా సద్దుమణిగి ఉంది. పొద్దున్నే బావ తాళం తిప్పాడు. ఆరేడు సార్లు మూలిగి, తెల్లటి పొగ కక్కి, ఇంజను అందుకుంది. ఖటఖటఖట! ఎదురింట్లో బీడీలు చుడుతున్న లక్ష్మవ్వ చాట పక్కన పెట్టి బయటికొచ్చింది.

"ఏందిరా, కరెంటొచ్చిందా? మగ్గం ఎవరేసిండ్రు?"

"మగ్గం కాదవ్వా, మా కారు."

"అయ్యో బిడ్డా! రెండు మగ్గాలమ్మి ఒక్క మగ్గం కొన్నవా?"

గల్లీ అంతా నవ్వింది. బావ నవ్వబోయి దగ్గాడు.  

సేటు దగ్గరికి పోయాను. "ఉస్తాద్ చూసి తీస్కున్నంక నన్నడుగుతవా?" అన్నాడు. 

ఇంజను విప్పాను. పిస్టన్ రింగులు, అంటే సిలిండర్‌లోని ఒత్తిడి కిందికి జారకుండా పట్టుకునే ఉంగరాలు, అరిగి తుక్కయ్యాయి. మూడు వారాలు పగలు గిరాకీ పని, సాయంత్రాలు బావ పని. ఆయన పక్కనే కూర్చొని బోల్టులు కడిగిచ్చేవాడు. ఆ తర్వాత ఆ కారు తుల్జాపూర్ అమ్మవారి మొక్కులకూ పెళ్లి బృందాలకూ ఏళ్ల తరబడి తిరిగింది. బావ దగ్గూ తగ్గింది, నా డబ్బా కొట్టుకోవడమూ తగ్గింది. అప్పట్నుంచి ఎవరు పిలిచినా కరెంటు సెలవు రోజే, తెల్లవారకముందే వెళ్లి బండి చూస్తున్నాను.

ఏడాదిన్నర తర్వాత చలికాలంలో సేటే వచ్చాడు. తువ్వాళ్ల మూటలు మోయడానికి పక్కనున్న కుంభారిలో ఒక పాత డీజిల్ వ్యాను చూశాడట. "నువ్వు చూస్తెనే నాకు భరోసా," అన్నాడు. కరెంటు సెలవు రోజు తెల్లవారుజామున ఐదింటికి రమ్మన్నాను. గంజి పెట్టిన తెల్ల లాల్చీలో వచ్చి, నా స్కూటర్ వెనక వణుకుతూ కూర్చున్నాడు.

వ్యాను తంటాలు పడి స్టార్టయింది. ఇలాంటప్పుడు ఆయిల్ పోసే మూత తీసి చూస్తాం. రింగులు అరిగిన ఇంజనైతే అక్కణ్నుంచి గాలి నూనెతో సహా ఎగదన్నుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. నేనైతే రెండడుగుల దూరం నుంచే చూస్తాను.

"సేట్, జర వంగి ఆ మూత తియ్యుండ్రి," అని నేను లోపల కూర్చొని యాక్సిలరేటర్ తొక్కాను.

సేటు కళ్లజోడు నుంచి బొడ్డు దాకా నల్లటి నూనె చుక్కలు.

"అరే! గిదేంది?"

"రింగులు పోయినయ్ సేట్. ఈ బండి తీస్కోకుండ్రి."

"గా మాట దూరంకెళ్లి చూస్తె తెల్వదా?"

"నాకు తెలుస్తది సేట్. మీకు తెల్వాలె గద."

సలహా మాత్రం నిఖార్సయినదే ఇచ్చాను. తిరిగొచ్చేటప్పుడు తెల్లగా తెల్లారింది. కుంభారి నుంచి అశోక్ చౌక్ దాకా దారిలో తెలిసినవాడు ఎవడు కనిపించినా, వెనక చుక్కల లాల్చీ సేటును కూర్చోబెట్టుకునే స్కూటర్ ఆపి, ఇంటిల్లిపాది క్షేమం అడిగి గానీ కదల్లేదు.