ఇంకో పిల్లను వదిలి చూడు

పాలపొడిని నీళ్లలో కలిపేటప్పుడు ఒక పచ్చి వాసన వస్తుంది. మా ప్రయోగశాలలో ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు అర్ధవీడు దగ్గర నాగమ్మ పెద్దమ్మ గొర్రెల దొడ్డి గుర్తుకొస్తుంది. పాలకూ మా పనికీ సంబంధమేమిటంటారేమో. మన ఒంట్లో రోగంతో పోరాడే కణాల పైన ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని జన్యువును వేరే కణాల్లో పెట్టి, అచ్చం అలాంటి ప్రోటీన్‌నే తయారుచేసి చిన్న సీసాలో మాకు పంపుతారు. దాన్ని పలకలోని గుంటల్లో అంటించి, ఖాళీ చోటంతా పాలతో కప్పేసి, మేము పరీక్షించే యాంటీబాడీని పోస్తాం. అది ప్రోటీన్‌ను గుర్తుపట్టి అతుక్కుంటే చివరికి పసుపు రంగు తేలుతుంది. నిన్న ఆ పసుపు చూసి నా విద్యార్థిని శ్రావణి ఎగిరి గంతేసింది. రెండేళ్ల కష్టం మరి. "గుర్తుపట్టింది మేడం!" అంది. "ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది. సంబంధం లేని ఇంకో ప్రోటీన్ పెట్టిన వరుస ఏదీ?" అన్నాను. పాపం, దాని మొహం వాడిపోయింది.

నాగమ్మ పెద్దమ్మ మా పక్కింటావిడ. మార్కాపురంలో డిగ్రీ ముగించి, పీజీ సీటు రాక నేను ఇంట్లో ముఖం వేలాడేసుకుని కూర్చున్న ఏడాది, "ఏందిమే, గోడలు చూస్తే సీటొస్తాదా? రా, గొర్లకాడికి పోదాం" అని లాక్కుపోయింది. ఆ చలికాలం ఒక గొర్రె ఈనుతూనే చచ్చిపోయింది. దాని పిల్ల మిగిలింది. అదే రోజు ఇంకో గొర్రెకు పిల్ల చచ్చి పుట్టింది. పెద్దమ్మ ఆ చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లిలేని పిల్లకు చొక్కాలా తొడిగింది. వాసనకు నేను ముక్కు మూసుకున్నాను.

"ముక్కు మూసుకోవాకు. గొర్రెకు వాసనే గుర్తు. తన బిడ్డే అనుకొని పాలిస్తాది" అంది. మర్నాడు బేస్తవారిపేట పోతూ గట్టిగా చెప్పింది. "పాలు నిండి పొదుగు సలిపే గొర్రె దేన్నైనా తాగనిస్తాది, నమ్మొద్దు. ఇంకో పిల్లను వదిలి చూడు. దాన్ని కుమ్మి దీన్ని రానిస్తేనే తోలు తియ్యి. ఈ పిల్ల బతకాల నాకు."

పొద్దున్నే పిల్ల చక్కగా తాగింది. తోక ఆడించింది. అది చూసి నాకు పట్టరాని సంతోషం. ఈగలు ముసురుతుంటే ఇంకెందుకులే అని ఆ తోలు తీసేశాను. ఇంకో పిల్లను వదలలేదు. మధ్యాహ్నానికి పొదుగు తేలికపడిన గొర్రె ఆ పిల్లను రాతిగోడకేసి కుమ్మింది. అది నా ఒళ్లోనే ప్రాణం విడిచింది.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. "తిట్టు పెద్దమ్మా" అని ఏడ్చాను. ఆమె పిల్లను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. "నీ తప్పు గాదని అబద్ధం చెప్పను. తప్పే" అంది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పది రోజులకు ఇంకో పిల్ల తల్లి లేకుండా మిగిలింది, మరో గొర్రెకు పిల్ల చచ్చి పుట్టింది. నేను దూరంగా నిలబడ్డాను. పెద్దమ్మ తోలు తొడిగిన ఆ పిల్లను తెచ్చి నా చేతుల్లోనే పెట్టింది. "దీన్నీ నువ్వే చూడు." రోజూ వేరే పిల్లను కూడా వదిలి చూశాను. మొదట ఆ గొర్రె రెంటినీ రానిచ్చింది. నాలుగో రోజు ఆ వేరే పిల్లను కుమ్మి, దీన్ని మాత్రం నాకింది. అప్పుడు తోలు తీశాను. దూరం నుంచి చూస్తున్న పెద్దమ్మ, "ఇప్పుడు నమ్ము" అని నవ్వింది. మరుసటేడు నాకు సీటొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఈ రోజు శ్రావణి సంబంధం లేని ప్రోటీన్‌తో రెండో వరుస పెట్టింది. అదీ పసుపే అయింది. యాంటీబాడీ దేన్నీ గుర్తుపట్టలేదు, కనిపించినదానికల్లా అంటుకుంటోంది. శ్రావణి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఆ గొర్రెపిల్లల కథ చెప్పాను. కొత్త పలక, కొత్త సీసా తెచ్చి దాని చేతుల్లోనే పెట్టాను.

"లే తల్లీ. ఫలితం బయటికి పంపకముందే తప్పు దొరికింది, తోలు ఇంకా తియ్యలేదు. మన పిల్ల బతికే ఉంది."