కుక్క కరవని అరవై రోజులు

2022వ సంవత్సరం. చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లే దారిలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. కుక్కకాటుతో వచ్చినవారి పేరు, ఊరు, గాయమైన చోటు, వేసిన డోసు వరుసగా రాసే పుస్తకాన్ని మేము బైట్ రిజిస్టర్ అంటాము. దానిని నేనే రాసేదాన్ని, మరొకరి చేతికి ఇచ్చేదాన్ని కాదు.

మా పరిధిలోని ఒక పల్లె నుంచి ప్రతి నెలా ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చేవారు. అందుకని ఆ ఊరి బడికి వెళ్లి పాఠం చెప్పాను. కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, చేతులు ఆడించకుండా నిలబడాలి, దాని కళ్లలోకి చూడకూడదు. తింటున్న కుక్క దగ్గరికీ, కూనలున్న తల్లి దగ్గరికీ అసలే వెళ్లకూడదు. పిల్లలు బొమ్మల్లా నిలబడి చూపించారు. ఆ తరువాత రెండు నెలలపాటు ఆ ఊరి నుంచి ఒక్క పేరూ నా రిజిస్టరులోకి ఎక్కలేదు.

మా డాక్టరు మెచ్చుకున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పాఠం చెబితే కాట్లు తగ్గవచ్చు, గొళ్లెం పెట్టినట్టు ఒక్కసారిగా ఆగిపోవు. పశువుల ఆసుపత్రి అటెండరును పిలిచి అడిగాను.

"ఆ ఊరి మేకలు కుక్క కరిసి వారం వారం ఈడికి వస్తానే ఉండాయక్కా. మీరు మేకలకు పాఠం చెప్పలేదు గదా!" అని అతడు నవ్వాడు.

నేను నవ్వలేదు. మరునాడే ఆ బడికి వెళ్లాను. హెడ్మాస్టరు గుమ్మం దగ్గరే ఎదురొచ్చారు.

"రాండి మేడమ్! మీ పాఠం పిల్లోళ్లకు భలే పట్టింది, సూడండి."

నల్లబల్ల మీద ఒక మూల రంగు సుద్దతో రాసి ఉంది: ‘కుక్క కరవని రోజులు: 60’.

"మధ్యలో ఎవరినైనా కరిస్తే?" అన్నాను.

"మళ్లా సున్నా నుంచే. ఆ తరగతికి వారం ఆటలు బందు. భయముంటేనే గదా మేడమ్ జాగ్రత్త!"

నా అనుమానానికి అప్పుడు దారి దొరికింది. కాళ్లూ చేతులూ కడిగే పద్ధతి చూపిస్తానని పిల్లలందరినీ కొళాయి దగ్గరికి పిలిచాను. అందరూ బూట్లు, సాక్సులు విప్పారు. మూడో తరగతి పాప ఒకతె మాత్రం విప్పలేదు. ఆమెను ఇక్కడ భార్గవి అంటాను.

"సాక్సు తియ్యి మే."

"వద్దు నర్సమ్మా. కంప గీసుకునింది."

పక్కనున్న పిల్ల గుసగుసలాడుతున్నాననుకుని గట్టిగానే అంది: "చెప్పొద్దు మే, నంబరు పోతాది!"

నేనే మెల్లగా సాక్సు దించాను. పిక్క మీద కాఫీ పొడి అద్దిన గాయం. ముల్లు గీస్తే గీత పడుతుంది. ఇవి పైనా కిందా పండ్లు దిగిన గుంటలు.

"ఏ కంపకు పండ్లు ఉండాయి మే?"

పాప వెక్కి వెక్కి ఏడ్చింది. కరిచి నాలుగు రోజులైందట. ఇంట్లో కూడా కంపేనని చెప్పిందట. ఆ కుక్క మరునాటి నుంచి వీధిలో కనబడలేదట. కరిచిన కుక్క పది రోజుల లోపు కనబడకుండా పోతే, దానికి రేబిస్ ఉందనే అనుకోవాలి. రేబిస్ లక్షణాలు మొదలైతే మేము చేయగలిగింది ఏమీ ఉండదు. చేయవలసినదంతా అంతకు ముందే చేయాలి.

గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు కొళాయి ధార కింద సబ్బుతో గాయం కడిగాను. పండ్లు దిగి రక్తం వచ్చిన కాటును కేటగిరీ త్రీ అంటాము. దానికి టీకా ఒక్కటే చాలదు, గాయంలోకే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. తండ్రిని పిలిపించి, మా దగ్గర మొదటి టీకా వేసి, ఆ మందు కోసం చీటీ రాసి చిత్తూరుకు పంపించాను. పంపేసి మళ్లీ బడికి వెళ్లాను.

"ఆ అంకె తుడవండి" అన్నాను.

"పిల్లోళ్ల మంచికే గదా మేడమ్, నేను పెట్టింది..."

"మీ అంకె నాలుగు రోజులు ఎక్కువ బతికింది సార్. అవి ఆ బిడ్డ రోజులు."

ఆయన తన చేత్తోనే తుడిచారు.

ఆ కోపంతోనే ఇంటికి వచ్చి, బడిలో ఏమేమి చెప్పానో రాసుకున్న పుస్తకం తెరిచాను. తప్పు ఆయనదేనని రుజువు చేసుకోవాలనుకున్నాను. పాఠం చివర నా దస్తూరీలోనే ఒక వాక్యం కనబడింది: ‘చెప్పిన మాట వినని పిల్లలనే కుక్క కరుస్తుంది.’ ఆయన బల్ల మీద అంకె వేశారు, దానికి పునాది వేసింది నేను. ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టివేసి, పైన రాశాను: ‘కరిస్తే తప్పు నీది కాదు. కడుగు, వెంటనే చెప్పు.’ కింద తేదీ వేసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి నా పాఠం ఆ మాటతోనే మొదలైంది. ఖాళీగా ఉన్న రిజిస్టరును చూసి సంతోషించడం మానుకున్నాను.

భార్గవికి చివరి డోసు వేయవలసిన రోజు వచ్చింది. పాప ఆరోగ్యంగా ఉంది. తండ్రి ఇంకా సైకిలుకు స్టాండు వేస్తుండగానే, చెల్లెలి చేయి పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"దీన్ని కుక్క గీరింది నర్సమ్మా. ఇది పరిగెత్తలేదు, నువ్వు చెప్పినట్టే నిలబడింది. అయినా గీరింది. తిట్టద్దు."

"ఎప్పుడు మే?"

"ఇప్పుడే. సబ్బు పెట్టి కడిగినాము. ఇంకా తడి ఆరలేదు, సూడు."