ఎడమ బొటనవేలు

మా పిన్ని చేపల గాలాల రీళ్లు బాగుచేస్తుంది. రెండేళ్లుగా ఆమె దుకాణంలో పనిచేస్తున్నా, ఆ మాట నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి. నేను చదివిన పుస్తకాల ముందు ఈ నూనెగుడ్డలూ పళ్లచక్రాలూ ఏపాటివి అనుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆ పొగరు దిగింది.

వీధి చివరి బార్బరు తన రీలు తెచ్చి బల్లమీద పెట్టాడు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడి బొటనవేలికి స్పర్శ పోయింది. నలభై ఏళ్ల సెలూను మూతపడింది. ఇక మిగిలింది చెరువుగట్టు ఒక్కటే.

"ఎన్నిసార్లు విసిరినా చిక్కే, చెల్లెమ్మా. గట్టి బ్రేకులున్న కొత్తది చూపించు. దాంతోనూ కాకపోతే గాలం కర్ర విరిచి పొయ్యిలో పెడతా."

ఈ రకం రీల్లో ఎర విసరగానే దారం చుట్టిన స్పూలే గిర్రున తిరుగుతుంది. ఎర నెమ్మదించినా స్పూలు నెమ్మదించకపోతే దారం ఉబ్బి చిక్కుపడిపోతుంది. అందుకే దాన్ని బొటనవేలితో అదిమి అదుపులో ఉంచాలి.

నేను అరలోంచి సరికొత్త రకం పెట్టె దించాను.

"కింద పెట్టరా, పండితుడా," అంది పిన్ని. "బ్రేకులు మరీ బిగిస్తే ఎర కాళ్లదగ్గరే పడుతుంది. అన్నయ్య కాళ్లదగ్గర చేపలుంటాయా?"

"నా కాళ్లు చూస్తే కప్పలే పారిపోతాయి," అన్నాడాయన. నవ్వాడు గాని ఆ నవ్వులో పస లేదు.

పిన్ని పాత రీలే విప్పింది. బేరింగులు కడిగి, సూదిమొనతో ఒక్కో చుక్క నూనె వేసింది. స్పూలు మీటి చెవిదగ్గర పెట్టుకుని, అది ఆగేదాకా కదలకుండా వింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది:

"గడ్డం గీసేటప్పుడు నీ ఎడమచెయ్యి ఏం చేసేది?"

"చెంప సాగదీసి పట్టుకునేది."

"ఏ వేలితో?"

ఆయన ఎడమ బొటనవేలు పైకెత్తాడు.

"గట్టిగా అదిమితే?"

"మనిషి అరుస్తాడు."

"వదులైతే?"

"రక్తం." ఆ వేలిని తొలిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"రీలు తిప్పే పిడి కుడివైపే ఉందిగా. ఎడమచేత్తో విసిరి, కుడిచేత్తో చుట్టుకో. పిడి పట్టుకోగలవా?"

"గుప్పిట పడుతుంది."

ఆయన దగ్గర ఎన్నోసార్లు గడ్డం గీయించుకున్నాను. ఆ వేలు నా చెంపమీదే ఆనింది. అయినా నాకు తట్టలేదు.

పిన్ని రీలు పక్కమూత తీసి, ఆరు చిన్న బ్రేకుముక్కల్నీ పనిలో పెట్టింది. "వారానికొకటి తీసేస్తాను. ఈలోగా వేలు నేర్చుకుంటుంది." ఎర కట్టి, కర్ర ఎత్తిపట్టి, దారం వదిలింది. ఎర మెల్లగా దిగి నేలను తాకేదాకా స్పూలు బిగువు మార్చే మరను సవరిస్తూనే ఉంది. ఎర తాకగానే స్పూలు ఆగింది.

మొదటి వారం ఆయన గట్టున కూర్చుని చిక్కులే విప్పాడు. రెండోవారం ఎర పది అడుగులు పోయింది. పిన్ని ఒక్కో ముక్కే తీసింది. ఐదోవారం చివరికి ఒక్కటే మిగిలింది.

ఆ ఉదయం ఆయన విసరగానే స్పూలు సన్నగా ఈలవేసింది. ఎర నీళ్లమీద దూరంగా, ఇంకా దూరంగా పోయింది. బొటనవేలు దారంమీద ఆనీ ఆననట్టు ఉంది. ఎర అవతలి రాళ్లదగ్గర పడేసరికి స్పూలు ఆగిపోయింది. ఒక్క పోగూ లేవలేదు.

ఆయన చుట్టడం మరిచి అలాగే నిలబడ్డాడు.

"చుట్టు, అన్నయ్యా," అంది పిన్ని. "నువ్వు తేరుకునేదాకా చేప కూర్చుంటుందా?"