మంచి పనుల గడ్డి

మొన్న ఆదివారం నేను లేచేసరికి నా బండి తళతళలాడుతోంది. ఒకటో తరగతి చదివే మేనకోడలు పక్కనే నిలబడి ఉంది, చేతిలో నల్లగా మారిన గుడ్డ. కాస్త పరీక్షగా చూస్తే అది మా చెల్లె కొత్త చున్నీ. "మామా, గిది మంచి పనే గదా? రేపు సిస్టర్ అడుగుతది" అంది. చెల్లె అభిప్రాయం వేరుగా ఉంది. నేను మాత్రం పిల్ల పక్షమే వహించాను, ఎందుకంటే గోదావరిఖనిలో నేనూ చెల్లే చదువుకున్న సిస్టర్ల బడిలోనే అదీ చదువుతోంది, డిసెంబరు వస్తే ఆ బడి పిల్లలకు ఏం పూనుతుందో నాకు తెలుసు.

మీలో అలాంటి బడిలో చదివినవారికి చెప్పనక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతాను. క్రిస్మస్‌కు ముందు వారాలను ఆగమన కాలం అంటారు. మా బడి వరండా చివర వెదురు తడికెలతో పశువుల పాక కట్టి, ఆవునూ గొర్రెలనూ మరియమాతనూ ఆమె భర్త జోజప్పనూ బొమ్మలుగా నిలబెట్టి, మధ్యలో ఖాళీ చెక్క తొట్టి ఉంచేవారు. మంచి పని చేసినవారికి సిస్టర్ ఒక గడ్డిపోచ ఇస్తుంది, దాన్ని తొట్టిలో వేయాలి. సెలవులిచ్చే రోజు కార్యక్రమం చేసి ఆ గడ్డి మీద బాలయేసును పడుకోబెడతారు. మాది క్రైస్తవుల ఇల్లు కాదు, మా బాపు బొగ్గుగనిలోకి దిగే ముందు మైసమ్మకు మొక్కేవాడు. అయినా చలికాలంలో పసిబిడ్డ ఉత్త చెక్క మీద పడుకోవడం ఏ ఇంట్లోనూ ఒప్పుకునే సంగతి కాదు.

దాంతో ఒకపక్క డాన్సు ప్రాక్టీసులు, రంగు కాగితాల నక్షత్రాలు, దేవదూతల రెక్కలు, మరోపక్క మంచి పనుల బీభత్సం. నల్లబల్ల మీద రాసింది మేం చదవకముందే ఎవరో ఒకరు తుడిచేసేవారు. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్న కాకలను లేపి మరీ మంచినీళ్లిచ్చేవాళ్లం. వాళ్లు అన్న మాటలను సిస్టర్‌కు చెప్పేవాళ్లం కాదు.

కార్యక్రమం రేపనగా పొద్దున బడికి వెళ్లేసరికి పాకలో మేక ఉంది. మా క్వార్టర్ల లైనులో అవ్వ ఒకామె పెంచుకునే మేక. బొమ్మల మధ్య ఎంత నిమ్మళంగా పడుకుందంటే, సిస్టర్లు కొత్త బొమ్మ తెచ్చారనుకుని బడి ఆయమ్మ దాని చుట్టూ ఊడ్చిందట, అది చెవి ఆడించేదాకా. తొట్టి ఖాళీ. మా పుణ్యమంతా మేక కడుపులో ఉంది. ముందురోజు పాక తడికె తీసి వదిలేసింది మా నాలుగో తరగతివాడే, లోపల ఊడవడానికి. దానికి గడ్డిపోచ కూడా తీసుకున్నాడు.

సిస్టర్ నవ్వాపుకుంటూ బీరువాలోంచి గడ్డికట్ట తీసి తొట్టి నింపబోయింది. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న మా చెల్లె వెళ్లి తొట్టికి అడ్డంగా నిలబడింది.

"అది ఎవ్వలు ఏ మంచి పని చెయ్యని గడ్డి సిస్టర్. కుచ్చుకుంటది."

నేను జోకు వేయబోయి చెల్లె మొహం చూసి మింగేశాను. అది నిజంగానే ఏడుస్తోంది, దాన్ని చూసి ఒకటో తరగతి మొత్తం. సిస్టర్ గడ్డికట్ట ఒళ్లో పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుంది. చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను, పోయి మంచి పనులు చేసి రండి అంది.

బడి బడంతా కాలనీ మీద పడింది. క్వార్టర్లలో అమ్మలు తలుపులకు అడ్డం నిలబడి, "గోలెం నిండింది బిడ్డా, ఇంక పోస్తె నీళ్లు ఇంట్లకొస్తయ్" అన్నారు. ఫస్టు షిఫ్టు బస్సు దిగినవాళ్ల చేతుల్లోంచి టిఫిను డబ్బాలు మోస్తామని లాక్కుంటే ఒక కాక, "ఏందిరా, మిమ్ముల యూనియనోళ్లు పంపిండ్రా?" అన్నాడు. అందరికీ దొరికింది గానీ, వెనకపడ్డ చెల్లెకూ దాని తోటి చిన్నపిల్లలకూ ఎక్కడా పని మిగల్లేదు.

నేను వాళ్లను వెంటబెట్టుకుని వెళ్తే, మూలమీది స్కూటర్ మెకానిక్ చాచా మమ్మల్ని చూడగానే, "కామ్ నై బేటా, ఏం పని లేదు, పోండ్రి" అన్నాడు. చెల్లె పెదవి వణికింది. చాచా దాన్ని చూశాడు, పక్కనున్న నట్ల డబ్బాను చూశాడు, తర్వాత డబ్బాకు కాలు తగిలింది. "అరె, పడిపోయినయ్. జల్ది ఏరుండ్రి, నాకు వంగరాదు." పొద్దంతా స్కూటర్ల కింద వంగి ఉండే మనిషికి వంగరాదన్నది మాకు కొత్త సంగతి.

అక్కణ్ణుంచి కథ మారింది. మేకల అవ్వ పలుపు విప్పి, "ఇది పారిపోతున్నది బిడ్డా, పట్టుకరాండ్రి" అంది. మేకకు పారిపోయే ఉద్దేశం లేదు, కడుపు బరువుతో కూర్చుంది. మేమే దాన్ని అంతదూరం తరిమి మళ్లీ పట్టుకొచ్చాం. ఎన్నడూ నొప్పి అని అనని మా బాపు ఆ సాయంత్రం మంచమ్మీద బోర్లా పడుకుని, "కాళ్లు గుంజుతున్నయ్, జర తొక్కుండ్రి" అన్నాడు. ఒక్కో కాలు మీద ముగ్గురేసి ఎక్కారు. ఆ తర్వాత నిజంగానే గుంజాయనుకుంటాను. అందరికీ ఇవాళే ఇన్ని కష్టాలెందుకొచ్చాయా అని నేను ఆలోచిస్తూ వరండాకూ కాలనీకీ మధ్య పరుగెత్తాను.

చీకటి పడేసరికి తొట్టి నిండింది. చెల్లె వంగి దానికి చెంప ఆనించి చూసి, "మెత్తగనే ఉన్నది" అని తీర్పు చెప్పింది. మర్నాడు దేవదూత రెక్క ఊడిపోయింది, గొర్రెల కాపరి వేషం వేసిన నేను నా ఒకే ఒక్క మాట మరిచిపోయాను, అదేదీ ఎవరికీ పట్టలేదు. బాలయేసును అందులో పడుకోబెడుతుంటే లైను లైనంతా వచ్చి, తమ సొంత మనవణ్ణి ఉయ్యాల్లో వేస్తున్నట్టు మెడలు సాచి చూసింది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. రిటైరైనవాళ్లు, బదిలీ అయినవాళ్లు, తలా ఒక చోట సర్దుకున్నాం. గోలేలు నింపే పని లేదు, నీళ్లు పైపులో వస్తాయి, సరుకులు గుమ్మం దగ్గరికొస్తాయి. ఎవరి తలుపైనా తట్టి ఏమైనా పనుందా అని అడిగితే, మర్యాదగానే లేదని చెప్పి తలుపేసుకుంటారు. వాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు, నిజంగానే ఉండదు. ఆ రోజు మా లైనులోనూ ఎవరికీ ఏ పనీ లేదు.