మా అమ్మ పరారీలో ఉందట

నా ఇంగ్లీషు ఏడో తరగతిలో కుక్క దగ్గర ఆగిపోయింది. స్పెల్లింగు తప్పు రాశాను. పోనీ బొమ్మైనా వెయ్యమంటే వేశాను. మాస్టారు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మేక బాగుందిరా" అన్నారు. ఒకే కుక్క దగ్గర రెండు రకాలుగా తప్పినవాడు చదివి ఎవర్ని ఉద్ధరిస్తాడని బడి మానేసి, రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసే పనిలో పడ్డాను. ఆ తర్వాత ఇంగ్లీషు జోలికి నేను పోలేదు. పోయిన వానాకాలంలో అదే మా వాకాడు దాకా వెతుక్కుంటూ వచ్చింది, మా అమ్మ ఆసుపత్రి కాగితం మీద.

అమ్మకు షుగరు. నాట్లు వేసేటప్పుడు కాలికి ఏదో గుచ్చుకుని పుండు పడింది, మానలేదు. టౌన్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాను. పేరెందుకులెండి. మూడో రోజు డాక్టరు చూసి, పుండు ఎముక దాకా పోయిందేమో స్కాన్ తీయాలనీ, ఆలస్యమైతే వేళ్లు తీసేయాల్సి వస్తుందనీ చెప్పారు. అక్కడి స్కాన్ మిషను చెడిపోయిందట. నర్సమ్మ చీటీ రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

"బయట తీయించుకోని రాపో అన్నా. మంచం యాడికీ పోదులే."

మంచం నిజంగానే ఎక్కడికీ పోలేదు. స్కాన్ సెంటరులో మా వంతు అయ్యి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఆ మంచం మీద ఇంకొకామె పడుకుని ఉంది. అమ్మ దుప్పటి, స్టీలు గ్లాసు, కొబ్బరినూనె సీసా వరండాలో గోడవారన ఉన్నాయి. డ్యూటీ మారి వచ్చిన ఇంకో నర్సమ్మ ఫైలు నా చేతిలో పెట్టి, "మీ కేసు క్లోజయింది. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మనిషి లేదు" అంది. చీటీ చూపించాను. "అది నేను రాసింది కాదు" అంది.

మర్నాడు ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటరులో ఉన్నాయన ఫైలు చివరి పేజీ చదివి, అమ్మను పైనుంచి కిందికి చూశాడు.

"ఇట్టా చెప్పాపెట్టకుండా పొయ్యేవాళ్లని చేర్చుకుంటే మాకు తలనొప్పి. అక్కడే తేల్చుకోని రండి."

ఆ పేజీలో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట ఉంది. పెద్ద అక్షరాలు, కింద గీత. ఇంటికొచ్చి, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి చూపించాను.

"అబ్‌స్కాండెడ్ అని రాసినారు నాయనా."

"అంటే?"

ఫోన్లో వెతికింది. "అబ్‌స్కాండ్ అంటే ఎవరికీ తెలీకుండా పారిపోవడం. పట్టుబడతామని దాక్కోవడం."

"ఎవరు వాడతారంట ఈ మాట?"

"ఎక్కువగా పోలీసోళ్లు. ఇదో, ఉదాహరణ కూడా ఇచ్చినారు. గుమాస్తా సొమ్ముతో సహా పరారయ్యాడంట."

"మరి మీ అవ్వ దేంతో సహా పరారయిందంట?"

"కాలి పుండుతో" అంది. నవ్వలేదు. కాసేపు చదివి మళ్లీ చెప్పింది. "లాటిన్ నుంచి వచ్చిందంట నాయనా. మొదట్లో దీనికి దూరంగా దాచిపెట్టడం అని అర్థం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే గాని మెట్టు దిగలేని మనిషి పారిపోయిందా? పక్క వీధికి పోవాలన్నా ఇంట్లో ముగ్గురికి చెప్పి పోయే మనిషి దాక్కుందా? ఫైలు మొదటి పేజీలో నా ఫోన్ నంబరు ఉంది. ఒక్కరూ ఆ పేజీ తిప్పలేదు. చెడిపోయిన మిషనును ఎవరూ ఏమీ అనలేదు. డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు చెప్పుకోని వాళ్లకూ ఏ పేరూ పెట్టలేదు. మా అమ్మకు మాత్రం లాటిన్ నుంచి తెప్పించి మరీ పెట్టారు.

తెల్లారి అమ్మను ఆటోలో మొదటి ఆసుపత్రికే తీసుకుపోయి, నేరుగా డాక్టరుగారి గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టాను.

"సార్, పరారీలో ఉన్న మనిషిని పట్టుకొచ్చినాను. బహుమానం ఏమన్నా ఉందా?"

"ఏందయ్యా నువ్వు మాట్లాడేది?"

ఫైలూ చీటీ పక్కపక్కన పెట్టాను. ఆయన చూశారు. "అది మామూలుగా రాసేదే. పేషెంటు కనపడకపోతే అందరికీ అదే రాస్తాం."

"అందరికీ రాస్తే తిట్టు తిట్టు కాకుండా పోతుందా సార్? మీరే పంపించి, మీరే పారిపోయిందంటే ఎట్టా? ఈ మాటకి మొదట్లో దాచిపెట్టడం అని అర్థమంట. నేను మా అమ్మని దాచలేదు. స్కాన్‌కి పంపిన సంగతి మీరే దాచినారు."

నా గొంతు విని వరండాలో జనం పోగయ్యారు. డాక్టరుగారు చీటీ మీది సంతకం ఇంకోసారి చూసి, పెన్ను తీసి ఆ మాట కొట్టేశారు. పక్కన ఇంగ్లీషులో ఇంకేదో రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేశారు. నేను ఊరుకుంటానా? ఫోటో తీసి అమ్మాయికి పంపాను. "మేమే స్కాన్‌కి పంపినాం అని రాసినారు నాయనా" అని చెప్పాకే ఫైలు తీసుకున్నాను.

అమ్మను పట్టుకుని, ఆ జనం మధ్యలోంచి పెళ్లికొడుకులా నడిచి గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాను.

"చూసినావామ్మా? రాసినోళ్ల చేతనే కొట్టేయించినా!"

అమ్మ కట్టు కట్టిన కాలును రెండు చేతులా సీటు మీదికి ఎత్తి పెట్టుకుంది.

"మాట కొట్టేయించినావు, సరే. మంచం అడిగినావా?"