పిన్నమ్మ చాపిన చెయ్యి

మా డిపార్టుమెంటు పేరు బోర్డు మీద ఒక వరసలో పట్టదు. ప్రజారోగ్య పోస్టుగ్రాడ్యుయేటు అధ్యయన, పరిశోధన విభాగం అని రాసేసరికి పెయింటరుకు చోటు చాలక చివరి అక్షరాలను ఇరికించిపెట్టాడు. లోపల చేసే పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. జనానికి జబ్బులు ఎందుకొస్తున్నాయో ఊళ్లకు పోయి అడుగుతాం, కొలుస్తాం, తిరిగొచ్చి లెక్కలు కడతాం. ఊళ్లకు పోయేది రోజారమణి. ఫ్యాను కింద కూర్చుని లెక్కలు కట్టేది నేను. ఇందులో కష్టం ఎవరిదో, పేరు ఎవరికో నేను చెప్పను, నాకింకా అక్కడే ఉద్యోగం.

రోజారమణిది జువ్వలదిన్నె. సముద్రం మీద వేటకు పోయే వాళ్ల ఇంటి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే పిన్నమ్మ కామమ్మ పెంచింది. కామమ్మకు పిల్లల్లేరు, భర్త కూడా ఎప్పుడో పోయాడు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కావలి వీధులన్నీ తిరిగి, ఈ పిల్లను మా డిపార్టుమెంటులో పీజీ దాకా చదివించింది. చదువు అయ్యాక రోజారమణి ఇక్కడే ఫీల్డు ఉద్యోగంలో చేరి, బిట్రగుంటలో రైల్వే కాలనీ పక్కన ఒక గది అద్దెకు తీసుకుంది. రైలుకూ బస్సుకూ అదే అనువు.

ఆమెకు దొరికిన మొదటి పనే సొంత ఊళ్లో పడింది. ఎండుచేపలు తినే ఊళ్లలో బీపీ ఎందుకు ఎక్కువ, ఉప్పు తగ్గిస్తే తగ్గుతుందా అన్నది మా ప్రాజెక్టు. మా పెద్ద సారు పద్మనాభయ్య గారు మొదటి రోజే ఒక రూలు పెట్టారు. కొలతలు తీసే ఏ ఇంట్లోనూ మనవాళ్లు తినకూడదు. అన్నం పెట్టిన చేత్తో జనం నిజం చెప్పరు, మనం మెచ్చుకునే మాటే చెబుతారని ఆయన వాదన. రూలు మంచిదే. నేనైనా అదే పెట్టేవాణ్ణి. కానీ చేపల కూర వద్దంటే మొహం మీద ఉమ్మినట్టు లెక్కేసే ఊరు అది, ఆ సంగతి మా గదుల్లో ఎవరికి తెలుసు?

పిల్ల ఆఫీసరై ఊళ్లోకి వస్తోందని కామమ్మ ఆ రోజు గంప దించి ఇంట్లోనే ఉంది. చందువ చేపలు తెచ్చి మామిడికాయ వేసి పులుసు కాచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి వాకిట్లో కూర్చోబెట్టింది. జీపు దిగి రోజారమణి లోపలికి రాగానే పీట వేసి, కంచం పెట్టింది. వెనకే సారు, విద్యార్థులు నిలబడి ఉన్నారు.

"మేం తినకూడదు పిన్నమ్మా. రూలు" అంది రోజారమణి, అందరి ముందూ.

కామమ్మ కంచం తీసేసింది, పీట గోడకు నిలబెట్టింది. పులుసు దాకను అట్లాగే పక్కింటికి పంపేసింది. మా వాళ్లు ఊరి బయట జీపు నీడలో పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నారు. ఆ పులిహోర గొంతు దిగలేదు అన్నా, అని చాన్నాళ్ల తర్వాత నాతో చెప్పింది రోజారమణి.

ఆదివారం వస్తే ఉద్యోగం ఉండదు కదా, మెళ్లో కార్డు ఉండదు కదా, అప్పుడు పోయి పిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తింటాననుకుంది. పోయింది. ఆమెకు ఉన్నది ఒకటే సంచి, ఆఫీసుదీ ఇంటిదీ అదే, బీపీ మిషను అందులోనే ఉంది. కామమ్మ గడపలో కూర్చుని సంచి వంక చూసింది. రైక చెయ్యి పైకి లాగి, ఎడమ చెయ్యి ముందుకు చాపి, మొహం అవతలికి తిప్పుకుంది.

ఇక్కడే రోజారమణి ఒక తెలివితక్కువ పని చేసింది. ఆ చేతిని తోసేసి, ఏడ్చో పోట్లాడో అన్నం పెట్టమని అడగాల్సింది. అడగలేదు. వారమంతా ఊళ్లో కనబడ్డ ప్రతి చేతికీ పట్టీ కట్టి అలవాటైపోయి, సంచిలోంచి మిషను తీసి ఆ చేతికీ కట్టింది. బీపీ ఎక్కువ ఉంది. "ఉప్పు తగ్గించాల పిన్నమ్మా" అని, అందరికీ చెప్పే మాటే చెప్పింది. కామమ్మ రైక చెయ్యి కిందికి లాక్కుని లోపలికి పోయింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ కొలతలకు పోయినప్పుడు అదే వరస. చెయ్యి చాపడం, మొహం తిప్పుకోవడం. మధ్యలో ఊరికే పోయే ధైర్యం రోజారమణికి లేకపోయింది.

ఊరు కూడా నెమ్మదిగా ఆమెను వదిలేసింది. సముద్రంలో వేసిన పెద్ద అలివి వలను పదిమంది కలిసి ఒడ్డుకు లాగినప్పుడు అక్కడ నిలబడ్డ వాళ్లందరికీ కూరకని నాలుగు చేపలు వెయ్యడం వాళ్ల ఆనవాయితీ. కొంగు పడితే చాలు, ఎవరని అడగరు. ఒకసారి రోజారమణి అటుగా పోతుంటే వల పెద్ద ముత్యాలయ్య అందరికీ చేపలు వేస్తూ ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు. "మేడం తినదులే" అని నవ్వి పక్క మనిషికి వేశాడు. పాపం, ఆయన వెటకారానికి అనలేదు. మర్యాదకే అన్నాడు. చిన్నప్పుడు ఆ ముత్యాలయ్యే ఈ పిల్లను భుజం మీద ఎక్కించుకుని తిప్పినాడట.

మా డిపార్టుమెంటులో మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పితే ఆమెది ఎప్పుడూ పెరుగన్నమే. చేపల ఊరి పిల్లవు, ఏంది నీకీ తిండి అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "ఒక్కదానికి ఏం వండుకుంటాం అన్నా" అనేది. ఊళ్లో మేడం, ఇక్కడ ఫీల్డు అమ్మాయి. సెలవు రోజున బిట్రగుంట గదిలో తలుపు తీసి పెట్టుకుని, వచ్చే పోయే రైళ్ల చప్పుడు వింటూ కూర్చుంటుందట. ఆ మాట విన్నాక ఆమె డబ్బా మీద ఎగతాళి మానేశాను.

ఇక ప్రాజెక్టు సంగతి. ఉప్పు తగ్గించమని మేం చెప్పిన మాట జువ్వలదిన్నెలో దాదాపు ఎవరూ చెవిన పెట్టలేదు. ఒక్క ముసలామెకు మాత్రం ఏటికేడూ బీపీ దిగుతూ వచ్చింది. మిషను తప్పు చూపిస్తోందేమోనని అనుమానం వచ్చి, రోజారమణిని పిలిచి ఇది ఎవరని అడిగాను. "మా పిన్నమ్మ అన్నా" అని సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

మొన్న వేసవిలో ప్రాజెక్టు ముగిసింది. మిషన్లు స్టోరుకు అప్పజెప్పమన్నారు. కొత్త పని చిట్టమూరు వైపు. బిట్రగుంట గది ఖాళీ చేసి ఆమె అటు పోవాలి. అంత దూరం పోతే, తనకూ పిన్నమ్మకూ మధ్య కనీసం ఆ ఏడాదికొకసారి చెయ్యి చాపే బంధం కూడా మిగలదు. పోయే లోపల ఆ ఇంట్లో ఒక్క పూట అన్నం తినాలి. అదే ఆమె కోరిక, అదే భయం. "పెట్టకపోతే ఏం చేసేది అన్నా?" అని నన్ను అడిగింది. నాకు లెక్కలు తప్ప ఏమొచ్చు? పొమ్మన్నాను.

కార్డు ఇచ్చేసింది, మిషను ఇచ్చేసింది. సంచి కూడా గదిలోనే వదిలేసి, ఉత్త చేతులతో మిట్టమధ్యాహ్నం జువ్వలదిన్నెలో బస్సు దిగింది. కామమ్మ గడపలో కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. పిల్లను చూడగానే రైక చెయ్యి పైకి లాగి, ఎడమ చెయ్యి చాపి, మొహం తిప్పుకుంది.

రోజారమణి కింద కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"మిషను తేలా పిన్నమ్మా."

చెయ్యి వెనక్కి పోలేదు. మొహమూ ఇటు తిరగలేదు.

"మరెందుకొచ్చినావు?"

"ఆకలేస్తా ఉండాది."

"మీ రూలో?"

"అయిపొయ్యింది. ఇంక లేదు."

కామమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. రోజారమణి వెనకాలే పోయింది. గోడకు నిలబెట్టిన పీటను కామమ్మ దులిపి వేసింది, కంచం పెట్టింది. అన్నం, పొద్దున చేసిన పచ్చి మెత్తళ్ల చేపల కూర వడ్డించింది. కలపబోతున్న పిల్ల చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఉండు పాపా. దాంట్లో ఉప్పు లేదు."

"ఎందుకు లేదు?"

"నువ్వేగా మానమన్నావు, ఆ ఆదివారం. అప్పట్నించీ ఇంట్లోకి ఉప్పు తేలా. నేనొక్కదాన్నే గదా, ఎట్లుంటే ఏంది."

రోజారమణి తల ఎత్తలేకపోయింది. పర్లేదు ఇట్లాగే తింటానని అనబోయింది కానీ, కామమ్మ అప్పటికే చిన్న గిన్నె తీసుకుని వాకిట్లోకి పోయింది. పక్కింటి గడప ముందు నిలబడి, ఆ రోజు పీట తీసెయ్యడం చూసిన ఆడవాళ్లందరికీ వినపడేటట్టు గొంతెత్తి అడిగింది.

"మా పాప అన్నానికి వచ్చినాది. ఇంత ఉప్పుంటే పెట్టండమ్మా."