విత్తనకాయల గోదాములో తేమ పెట్టె

మొన్న పొద్దున ముదిగుబ్బ నుంచి తమ్ముడు ఫోన్ చేసి, మా విత్తన శనక్కాయల గోదాములో పాత కంప్యూటర్ చెడిపోతే కొత్తది పెట్టించామనీ, దాంట్లో తేమ కొలిచే పెట్టె పలకడం లేదనీ చెప్పేసరికి నాకు ఒళ్ళంతా నీరసం వచ్చింది. బయట చూస్తే మబ్బు పట్టి ఉంది. తేమ తగిలింది తెలియక కాయ బూజు పడితే, ఆ చుట్టుపక్కల రైతులకు ఈ ఏడు విత్తడానికి గింజ ఉండదు.

ఆ పెట్టెను కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ, నా పక్క బల్ల మిత్రుడూ, మాకు పని నేర్పిన పెద్దాయనా ముగ్గురం కూర్చుని, ఒక్కో వరుస కోసం టీలు చల్లారేదాకా వాదించుకుంటూ రాశాం. పెట్టె పెట్టిన మొదటి ఏడు తేమ పెరిగి ఎర్ర దీపం వెలిగితే, మా నాయన దాన్ని వాన కబురనుకుని గోదాము తలుపులన్నీ బార్లా తెరిచి, ఆకాశం చూస్తూ మురిసిపోయాడు. తేమ చెడ్డదంటే, వాన కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే మా వైపు మనిషి ఎట్లా నమ్ముతాడు? అమ్మ పరుగున వచ్చి తలుపులు మూయించింది.

ఇప్పుడు వచ్చింది నిజానికి చిన్న మార్పే. ప్రోగ్రాం చూపిన జ్ఞాపకస్థలం దానిదేనా అని, కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపించే కెర్నల్‌ను అడిగే ఫంక్షన్ ఒకటుంది. అప్పట్లో దానికి చదవడానికా రాయడానికా అన్నది, చోటు, నిడివి, మూడూ చెప్పాల్సి వచ్చేది. కొత్త కెర్నల్‌లో ఆ మొదటిది తీసేశారు. మా కోడ్ పాత అలవాటున మూడూ చెబుతుంటే ఇది ఒప్పుకోవడం లేదు. ఇదే పెట్టె ఉన్న నల్లమాడ గోదాములో ఇంకా పాత కెర్నలే కాబట్టి రెండింటికీ సరిపడేలా మార్చాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మధ్యమధ్య నడుం వాలుస్తూ, కాసేపటి పనిని సాయంత్రం దాకా సాగదీశాను.

తమ్ముడు దాన్ని ఎక్కించి, అంకె కనబడుతోందనీ, తేమ హద్దు దాటలేదనీ, కాయకేమీ భయం లేదనీ చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "ఇంగోసారి మారితే ఎవుర్ని పిలవల్లన్నా?" అన్నాడు. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగాడు.

పెద్దాయన పోయి చాలా కాలమైంది. మిత్రుడికి ఇప్పుడు నా పేరు కూడా గుర్తుకు రావడం లేదు. ఆ రోజుల్లో ఏదైనా మారిందంటే, నేర్చుకోవడానికి కొత్తది దొరికిందని ముగ్గురం ఎగబడేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడో ఎవరో మంచికే ఏదో మారుస్తారు, దాని వెంట పడడానికి నేనొక్కణ్ణే మిగిలాను, నాకూ ఓపిక అయిపోయింది.

"నన్నే పిలువురా" అన్నాను.